వచ్చిన, పోయొస్త: ఆబిడ్స్ ఆఫీసులో యానొటేషన్ల కథ

మా తమ్ముడి కూతురికి ఈ మధ్యే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం వచ్చింది. "అత్తమ్మా, నువ్వు ఇన్నేండ్లు చేసిన పని ఎట్లుండెనో రాసియ్యి. ప్రమోషన్లు గిట్ల రాయకు, నిద్రొస్తది" అంది. రాసుకునేటన్ని ప్రమోషన్లు నాకు రానే లేదు కాబట్టి ఆ షరతు తేలిగ్గానే ఒప్పుకున్నాను. తీరా రాయడానికి కూర్చుంటే గుర్తొచ్చింది ఒక ఆఫీసు, ఒక మనిషి, మమ్మల్ని నెలల తరబడి ఏడిపించిన ఒక చిన్న గుర్తు. మిగతా ఉద్యోగమంతా ఆ మూడింటి చుట్టూ అల్లుకున్నట్టే అనిపించింది.

రెండో అంతస్తు

ఆబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో, గడియారాల దుకాణం మీద, రెండో అంతస్తులో ఉండేది మా ఆఫీసు. తొంభైల మొదట్లో మెదక్ నుంచి డిగ్రీ చేతబట్టుకుని వచ్చి అక్కడ చేరాను. నాంపల్లిలో చర్చి వాళ్ళ హాస్టల్లో ఉండి, పొద్దున్నే నడుచుకుంటూ వెళ్ళేదాన్ని. చెక్క మెట్లు. ఎక్కుతుంటే కిర్రుమనేవి. కింద బేకరీలో బిస్కట్లు కాలే వాసన పదకొండింటికల్లా పైదాకా వచ్చేది, ఇక ఎవరికీ పని మీద మనసు నిలిచేది కాదు. ఇప్పుడు కళ్ళు మూసుకున్నా ఆ మెట్ల చప్పుడు వినిపిస్తుంది. ఆ తర్వాత ఎన్ని ఏసీ ఆఫీసుల్లో కూర్చున్నానో, ఒక్కదాని చప్పుడూ గుర్తులేదు.

ఆఫీసు యజమాని నర్సింగ్ రావు సార్. పాత హైదరాబాద్ కుటుంబం, తాతల నాటి నుంచి బట్టల వ్యాపారం. ఆయన ఒక్కరే ఆ గుడ్డల గోల వదిలి కంప్యూటర్ల వెంట పడ్డారు. మంచి మనిషే గాని మెచ్చుకోలు మాట నోటి నుంచి ఊడిపడేది కాదు. రెండో ఫ్యాను పెట్టించండి సార్ అంటే "ఎండకాలం ఎన్ని దినాలుంటది?" అనేవారు. ఫోన్లో మాట్లాడితే అవతలి మనిషికి ఫోన్ లేకపోయినా వినపడేది. ఆయన్ని తిట్టుకోని రోజు లేదు, ఆయన్ని వదిలి ఇంకోచోట చేరాలని అనుకున్న రోజూ లేదు.

సార్ పద్ధతి

చేరిన మొదటి వారంలో నేను రాసిన ప్రోగ్రామ్ చూసి సార్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇంట్లకు ఎవ్వలన్న వస్తే ఏమంటరు ఎస్తేరూ?"

"వచ్చిన అంటరు సార్."

"పోయేటప్పుడు?"

"పోయొస్త అంటరు."

"గంతే. ప్రోగ్రామ్ల గూడ గంతే. లోపలికొచ్చిన ప్రతి ఫంక్షన్ వచ్చిన అనాలె, పోయేటప్పుడు పోయొస్త అనాలె. చెప్పకుంట పోతే మా అమ్మ ఊకోకపోవు, నేనూ ఊకోను."

ప్రోగ్రామ్‌లో ఒక్కొక్క చిన్న పని చేసే ముక్కను ఫంక్షన్ అంటారు. జావా అనే ప్రోగ్రామింగ్ భాష వచ్చాక దాన్నే మెథడ్ అన్నాం. పని మొదలుపెట్టగానే ఆ ముక్క లాగ్ అనే ఫైల్లో 'వచ్చిన' అని ఒక వరుస రాయాలి, పని ముగించి వెళ్ళేటప్పుడు 'పోయొస్త' అని ఇంకో వరుస రాయాలి. ఇదీ సార్ పద్ధతి. ఊళ్ళో మిగతా కంపెనీల వాళ్ళు మా లాగ్ చూసి నవ్వేవాళ్ళు.

ఒకసారి అఫ్జల్‌గంజ్‌లో ఒక లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో మా బిల్లుల ప్రోగ్రామ్ కదలకుండా నిలిచిపోయింది. సామాను ఎక్కించిన లారీలు రోడ్డు మీద వరుసగా ఆగిపోయాయి, అక్కడి గుమస్తా ఫోన్లో ఏడుపొక్కటే తక్కువ. సార్ ఫోన్లోనే లాగ్ చివర ఏముందో చదవమన్నారు. "వచ్చిన అని, పోయొస్త అననోడు ఎవడున్నడో చూడు" అన్నారు. ప్రింటర్‌కి కాగితం పంపే ఫంక్షన్ వచ్చింది, పోలేదు. చూస్తే ప్రింటర్ తీగ ఊడి ఉంది. సార్ ముందున్న చాయ్ ఇంకా వేడిగానే ఉంది.

"చెప్పకుంట పోయినోడు పోనట్టే లెక్క. లోపల్నే ఉన్నడు, వెతుకు" అనేవారు సార్. ఈ పనిలో నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే, ఇప్పటికీ పనికొస్తోంది.

నెత్తిన బొట్టు

రెండువేల దశకం సగానికి వచ్చేసరికి మేమంతా జావాలోకి మారాం. అప్పుడే శ్రీలత చేరింది. చురుకైన పిల్ల, పుస్తకం కనిపిస్తే చాలు నమిలేసేది. ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతుక్కుని, సోమవారం వచ్చి మాకు పాఠాలు చెప్పేది.

ఒక సోమవారం యాస్పెక్ట్‌ల గురించి చెప్పింది. ఒకే రకం పని వంద చోట్ల చేయాల్సి వస్తే, వంద చోట్లా రాయక్కర్లేదు. ఒకే చోట రాసి, ఎక్కడెక్కడ కావాలో అక్కడ దానంతటదే జరిగేలా చేయొచ్చు. అలా విడిగా రాసిన ముక్క పేరే యాస్పెక్ట్. ఎక్కడ జరగాలో చెప్పడానికి మెథడ్ పైన ఒక గుర్తు పెడితే చాలు. దాన్ని యానొటేషన్ అంటారు. నెత్తిన బొట్టు పెట్టినట్టు ఒక్క మాట, అంతే. శ్రీలత ఆ గుర్తుకి 'పలకరింపు' అని పేరు పెట్టింది. పలకరింపు ఉన్న ప్రతి మెథడూ తనంతట తనే వచ్చిన అంటుంది, పోయొస్త అంటుంది. ఇంకా ముచ్చటేమిటంటే, ఆ గుర్తును ఒక క్లాసు, అంటే కొన్ని మెథడ్ల మూట, నెత్తిన పెడితే అందులోని మెథడ్లన్నిటికీ వర్తిస్తుంది.

సార్ ఆనందం చూడాల్సింది. "ఇన్నేండ్ల లొల్లి ఒక్క బొట్టుతోని తీరింది గదా!" అని ఆ రోజు అందరికీ ఉస్మానియా బిస్కట్లు తెప్పించారు. ఆ మర్నాటి నుంచి ఆఫీసులో చట్టం ఒకటే: పలకరింపు లేని క్లాసు బయటికి పోకూడదు. రోగి పేరు చెప్పే మెథడ్, వయసు చెప్పే మెథడ్, తేదీలో చుక్కలు పెట్టే మెథడ్, అన్నీ పలకరించడం మొదలుపెట్టాయి.

చేత్తో రాసే రోజుల్లో చిన్న చిన్న వాటికి మేము బద్ధకించి వదిలేసేవాళ్ళం. ఆ బద్ధకమే మమ్మల్ని ఇన్నాళ్ళూ కాపాడిందని అప్పుడు తెలియలేదు. ఒక గుర్తు పెట్టడానికి చేతికి కష్టం లేదు కాబట్టి, మెషీన్‌కి కూడా కష్టం లేదనుకున్నాం. కొత్తగా వచ్చే పిల్లలు చేసే పొరపాట్లలో సగం ఇదే. కంటికి ఒక్క వరుస కనిపిస్తుంది, దాని వెనక పరుగెత్తే వరుసలు కనిపించవు.

కౌంటర్ ముందు

అప్పట్లో మా అన్నం గిన్నె ఒక్కటే. నాంపల్లి వైపు ఒక పెద్ద దవాఖాన. రోగుల పేర్లు నమోదు చేసే ప్రోగ్రామ్ మాది. పెద్ద కంపెనీలన్నీ మాదాపూర్‌లో అద్దాల మేడలు కట్టుకుంటుంటే చిన్న కస్టమర్లు ఒక్కొక్కరే జారిపోయారు. ఈ దవాఖాన పోతే మా రెండో అంతస్తుకి తాళమే. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవాళ్ళం కాదు.

మొదటి నెలల్లో అంతా బాగానే నడిచింది. తర్వాత మెల్లమెల్లగా నెమ్మదించింది. పొద్దున కౌంటర్ ముందు వరుస వరండా దాటి చెట్టు కిందికి వెళ్ళింది. సూపరింటెండెంట్ డాక్టర్ గారు సార్‌ని పిలిపించి, "నెలాఖరు దాకా చూస్తం. అప్పటికీ గిట్లనే ఉంటే మల్ల చీటీలు రాసుకుంటం" అన్నారు.

శ్రీలతకి ఒక అనుమానం తగిలింది. పలకరింపు యాస్పెక్ట్ ప్రతిసారీ మెథడ్‌ని 'నీ నెత్తిన బొట్టుందా, అందులో ఏం రాసుంది' అని కొత్తగా అడుగుతోంది. అలా అడగడం జావాలో ఖరీదైన పని. ఒకసారి అడిగి గుర్తుపెట్టుకునేలా మార్చింది. మా ఆఫీసులో కాస్త వేగం వచ్చింది. అందరం చప్పట్లు కొట్టుకున్నాం. దవాఖానలో ఆ తేడా ఎవరికీ కనిపించలేదు. వరుస చెట్టు కింది నుంచి గేటు దాకా పెరిగింది.

నేను పోయి కౌంటర్ పక్కన ఒక స్టూలు వేసుకుని కూర్చున్నాను. కౌంటర్ చూసే ప్రేమ సిస్టర్ మా మెదక్ వైపు ఆవిడే. "చీటీలే నయముండె గదమ్మా. ముసలోళ్ళు నిలవడలేక పడిపోతున్రు" అంది. నిజమే. ఒక పెద్దమ్మ స్తంభానికి ఆనుకుని కింద కూర్చుంది, దగ్గొకటే దగ్గు. ఆమె వంతు వచ్చింది. సిస్టర్ పాత నంబర్ కొట్టింది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. పెద్దమ్మ నా వైపు చూసి, "ఏంది బిడ్డా, నా పేరు దొరుకుతలేదా?" అంది. దొరికింది, కానీ ఆమె మళ్ళీ కింద కూర్చున్నాక.

ఆమె వెనక ఒక చంటిపిల్ల తల్లి. మొదటిసారి రావడం. సిస్టర్ పేరు కొట్టగానే చిటికెలో అయిపోయింది. ఆ తర్వాత ఒక ముసలాయన, పాత రోగి. మళ్ళీ తిరుగుడే. ఆ పూటంతా అలాగే చూస్తూ కూర్చున్నాను. కొత్తవాళ్ళకి చిటికె, పాతవాళ్ళకి ప్రాణసంకటం.

ఇంటి దొంగ

మా ఆఫీసులో పరీక్ష కోసం ఉత్తుత్తి రోగుల్ని పెట్టుకున్నాం. వాళ్ళ పేర్లన్నీ సార్ పెట్టినవే, దోసకాయ రావు, బెండకాయ బాయి వగైరా. అందరూ ఆ రోజే పుట్టి ఆ రోజే దవాఖానకు వచ్చినవాళ్ళు. ఒక్కరికీ పాత జబ్బు లేదు, పాత మందు లేదు. వాళ్ళతో ప్రోగ్రామ్ ఎప్పుడు నడిపినా గుర్రంలా పరుగెత్తేది. ఊరికే పరుగెత్తదు మరి, వీపు మీద బరువేమీ లేదు కదా.

బెండకాయ బాయికి కొన్నేళ్ళ జబ్బులు కట్టబెట్టి మళ్ళీ నడిపాను. కుంటింది. పలకరింపు గుర్తు తీసేసి నడిపాను. పరుగెత్తింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మా దొంగ మా గడప మీదే కూర్చుని అందరికీ నమస్కారం పెడుతున్నాడు.

జరిగింది ఇదీ. పలకరింపు ఊరికే 'వచ్చిన' అనడం లేదు. 'ఫలానా రోగి కోసం వచ్చిన' అంటోంది. ఆ ఫలానా రోగిని మాటల్లో పెట్టాలంటే రోగి వివరాలన్నీ కావాలి. వివరాల్లో పాత రాకపోకలున్నాయి, ప్రతి రాకకూ మందుల చీటీ ఉంది. అవన్నీ వివరాలు దాచిన డేటాబేస్ నుంచి ఒక్కొక్కటీ తవ్వి తెచ్చి, ఒక పొడుగు వాక్యం కట్టి, అప్పుడు చూస్తుంది: ఇది లాగ్‌లో రాయాలా? అక్కర్లేదు. దవాఖానలో లాగ్ రాయడం మేమే ఎప్పుడో ఆపేశాం. కట్టిన వాక్యం పారేస్తుంది. ఇంకో మెథడ్ పిలవగానే మళ్ళీ మొదటి నుంచి. ఆ పెద్దమ్మ ఎన్నిసార్లు దగ్గుతో వచ్చిందో అంతా, ఎవరూ చదవని వాక్యం కోసం, ఆమె కౌంటర్ ముందు ఉన్నంతసేపూ చదువుతూనే ఉంది మా ప్రోగ్రామ్.

రాయాల్సి ఉంటేనే వాక్యం కట్టాలి, అందులోనూ రోగి నంబర్ ఒక్కటే చాలు. అది శ్రీలత ఒక పూటలో సరిచేసింది. కౌంటర్ కదిలింది గాని పరుగెత్తలేదు. ఎందుకంటే గుర్తులు ఇంకా అన్ని మెథడ్ల నెత్తినా ఉన్నాయి. పేరు చెప్పే చిన్న మెథడ్ చేసే పని ఒక రవ్వ, దాన్ని పలకరించడానికి అయ్యే ఖర్చు గంపెడు. ఒక్క రోగి కోసం అలాంటివి వేలసార్లు పిలవబడతాయి. చిన్నవాటి మీద గుర్తులు తీసేయక తప్పదు.

అంటే సార్ పద్ధతి తీసేయాలి.

చాయ్ హోటల్లో

"అక్కా, నేను చెప్పలేను. నువ్వే చెప్పు. ఆయన మొఖం చూస్తె నాకు ఏడుపొస్తది" అంది శ్రీలత.

సార్ సాయంత్రాలు నాంపల్లి స్టేషన్ ఎదురుగా ఇరానీ హోటల్లో కూర్చునేవారు. నేనూ వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. ఉన్నదంతా చెప్పాను. ఆయన బిస్కట్ చాయ్‌లో ముంచి పట్టుకునే ఉన్నారు. అది విరిగి లోపల పడింది, ఆయన చూడలేదు.

"అంటే మా అమ్మ పద్ధతి తప్పంటవా?"

ఆ మనిషి నన్ను పల్లెటూరి పిల్లలా కాక పనిమంతురాలిలా చూసిన మొదటి మనిషి. ఆయన్ని నొప్పించడానికి నోరు రాలేదు. ఆఫీసు మూతపడుతుంటే చూస్తూ ఊరుకోవడానికీ మనసు రాలేదు.

"అమ్మ ఇంట్లకొస్తే చెప్పమన్నది సార్. అల్మారీ తీసినప్పుడల్లా చెప్పమన్లేదు గద."

సార్ లేచి గల్లా దగ్గరికి వెళ్ళి, అటు నుంచి అటే రోడ్డు మీదికి వెళ్ళిపోయారు. నేను ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఆయన పోయొస్త అనకుండా కదలడం అదే మొదటిసారి చూశాను. ఆ చల్లారిన చాయ్ ముందు కూర్చుని, ఇక అంతా అయిపోయిందనుకున్నాను.

మర్నాడు నేను వెళ్ళేసరికి సార్ నా కుర్చీలో ఉన్నారు. ఒక వేలితో కొట్టుకుంటూ గుర్తులు తీస్తున్నారు.

"దర్వాజలకు ఉంచుతున్న. అల్మారీలకు తీసేస్తున్న" అన్నారు తల ఎత్తకుండా. ఇంకో గుర్తు తీసి, "నిన్న చెప్పకుంట పోయిన. అంటే పోలే అన్నట్టే. ఇంటికి పోయిన గని గాడనే ఉన్న, నీ ఎదురుంగనే. నువ్వన్నది నిజమే బిడ్డా" అన్నారు.

ఆయన నోట నేను విన్న మెచ్చుకోలు అదొక్కటే. ఆ మాట ముందు ఏ ప్రమోషన్ అయినా దిగదుడుపే.

ఏవి దర్వాజలో తేల్చడానికి మేము పెద్దగా తర్జనభర్జన పడలేదు. బయటి నుంచి పని లోపలికి వచ్చే చోటు దర్వాజ. డేటాబేస్ గడప, ప్రింటర్ గడప దర్వాజలు. మిగిలినవన్నీ అల్మారీలు. నెలాఖరు రాకముందే వరుస వరండాలోకి తగ్గింది. ప్రేమ సిస్టర్ ఫోన్ చేసి, "ఇప్పుడు జర మనుషుల మొఖాలు చూసి మాట్లాడుతున్నమ్మా" అంది. దవాఖాన మాతోనే ఉంది.

మెట్ల మీద

దవాఖాన ప్రోగ్రామ్ బాగుందన్న పేరే మా ఆఫీసుకి చేటు తెచ్చింది. మాదాపూర్ కంపెనీ ఒకటి వచ్చి ప్రోగ్రామ్‌తో పాటు మమ్మల్నీ కలుపుకుంటానంది. సార్‌కి అప్పటికే ఆరోగ్యం అంతంతమాత్రం. మా జీతాలు పెరుగుతాయని ఒప్పుకున్నారు, తను మాత్రం రానన్నారు. "గాడ కిటికీలు తెరుచుకోవట. నాకు ఊపిరాడదు" అన్నారు. చివరి రోజు ఒక్కొక్కరం పోయొస్త సార్ అని చెప్పి ఆ చెక్క మెట్లు దిగాం. ఆయన పైనే నిలబడ్డారు.

కొత్త ఆఫీసులో అన్నీ ఉన్నాయి. ఫ్యాను అడగాల్సిన పని లేదు. ఎవరో కుర్రాడు మా లాగ్ చూసి వచ్చిన, పోయొస్త తీసేసి ఇంగ్లీషు మాటలు పెట్టాడు. అడ్డు చెప్పడానికి నాకు సాంకేతిక కారణం ఏదీ దొరకలేదు. పదకొండింటికి మాత్రం ముక్కు ఆ బిస్కట్ వాసన కోసం వెతికేది. శనివారాలు కాచిగూడలో సార్ ఇంటికి వెళ్ళి కూర్చునేదాన్ని. ఆయన ఆఫీసు సంగతులు అడిగేవారు, నేను చెబుతుంటే మధ్యలోనే నిద్రపోయేవారు.

చివరిసారి ఆయన్ని దవాఖానకి తీసుకెళ్ళింది నేనూ, వాళ్ళబ్బాయీ. ఆ దవాఖానే. కౌంటర్‌లో ఎవరో కొత్త అమ్మాయి. సార్ అప్పటికి ఎన్నో ఏళ్ళ పాత రోగి, ఆయన జబ్బుల చిట్టా చాంతాడంత. ఆ అమ్మాయి నంబర్ కొట్టగానే తెర మీద పేరు వచ్చేసింది. చక్రాల కుర్చీలోంచి సార్ నా చెయ్యి తట్టారు. "దర్వాజ మంచిగనే తెరుచుకున్నది" అన్నారు. లోపలికి తోసుకెళుతుంటే తల తిప్పి, "పోయొస్త బిడ్డా" అన్నారు.

పద్ధతి తప్పని మనిషి, ఆ మాట మాత్రం నిలబెట్టుకోలేదు.

నేను ఉద్యోగం మానేసిన వారం ఆబిడ్స్ వెళ్ళాను. గడియారాల దుకాణం సెల్‌ఫోన్ల దుకాణం అయింది. బేకరీ లేదు. మెట్లు మాత్రం అవే, కిర్రుమంటూనే ఉన్నాయి. పైన మా తలుపుకి తాళం, లోపల ఎవరిదో సామాను. తలుపు మీద చెయ్యి పెట్టి, "వచ్చిన సార్" అన్నాను. కాసేపు అక్కడే నిలబడి ఏడ్చాను. దిగేటప్పుడు అలవాటుగా ఇంకో మాట నోటిదాకా వచ్చింది. దాన్ని అనలేదు. చెప్పకుండా మెట్లు దిగి, బస్సెక్కి ఇంటికి వచ్చేశాను.